కాన్పు తేదీ స్కాన్ స్కాన్‌కీ ఎందుకు మారుతోంది: నెగెలె లెక్క నుంచి సీఆర్‌ఎల్ దాకా

ఏజెన్సీ నుంచి రిఫర్ అయి విశాఖ కేజీహెచ్‌కో, వన్‌టౌన్ ఘోషాసుపత్రికో వచ్చే గర్భిణి సంచిలో తరచూ రెండు మూడు స్కానింగ్ రిపోర్టులుంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో కాన్పు తేదీ. ఉదాహరణకు 11వ వారంలో తీసిన రిపోర్టు మే 10 అంటుంది, 24వ వారంలోది మే 16, 34వ వారంలోది మే 30. ఇంట్లోవాళ్లు చివరి రిపోర్టునే నమ్ముతారు. కొత్త పరీక్ష, పెద్ద ఊళ్లో తీసింది, బిడ్డ స్పష్టంగా కనిపించింది అన్నది వాళ్ల తర్కం. కానీ తేదీ విషయంలో నమ్మాల్సింది మొదటి రిపోర్టునే. ఎందుకన్నది తెలియాలంటే ఈ కొలతలు ఎక్కడ పుట్టాయో చూడాలి.

స్కానింగ్ రాకముందు ప్రధానంగా ఆధారపడింది జర్మన్ ప్రసూతి వైద్యుడు నెగెలె పేరు మీద 19వ శతాబ్దిలో స్థిరపడిన లెక్క మీదే: చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు. నెలసరి 28 రోజులకు వచ్చి, 14వ రోజున అండం విడుదలైతేనే ఇది సరిపోతుంది. పాలిచ్చే తల్లి నెలసరి తిరిగి రాకముందే గర్భం దాలిస్తే లెక్కకు మొదలే లేదు. మన్యంలో ఏఎన్‌ఎంలు “ఇటుకల పండగకు ముందా, తర్వాతా” అని అడిగి తేదీ రాబట్టాల్సి వస్తుంది. అలా వచ్చిన తేదీ రెండు మూడు వారాలు అటూఇటూ అయినా ఆశ్చర్యం లేదు.

అల్ట్రాసౌండ్ ఆసుపత్రిలోకి వచ్చింది కర్మాగారాల నుంచి. విశాఖ షిప్‌యార్డు గురించి, ఉక్కు కర్మాగారం గురించి తెలిసినవారికి లోహంలో పగుళ్లు, వెల్డింగ్ అతుకుల్లో లోపాలు పట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష పరిచితమే. స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ 1953లో గుండె కదలికలను పట్టే ప్రయత్నం మొదలుపెట్టింది మాల్మో ఓడల కర్మాగారం నుంచి తెచ్చుకున్న అలాంటి పరికరంతోనే. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ 1955లో ఆపరేషన్ చేసి తీసిన గడ్డలను బాయిలర్లు తయారుచేసే కర్మాగారానికి పట్టుకెళ్లి, అక్కడి లోహ పరీక్ష యంత్రం కింద పెట్టి చూశాడు. నీటి తిత్తి ఒక రకంగా, గట్టి గడ్డ మరో రకంగా ప్రతిధ్వని ఇచ్చాయి. ఇంజనీర్ టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మాక్‌వికార్‌లతో కలిసి 1958 జూన్‌లో లాన్సెట్ వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించాడు. పొట్టలో గడ్డ ఏ రకమో తేల్చడమే దాని విషయం. గర్భ వయసు ప్రశ్న తర్వాత వచ్చింది.

మొదట కొలిచింది తలను. పుర్రె ఎముక ప్రతిధ్వని బలంగా ఉంటుంది కాబట్టి తెర మీద రెండు శిఖరాలు లేచేవి. వాటి మధ్య కాలాన్ని ధ్వని వేగంతో గుణించి సగం చేస్తే (ధ్వని వెళ్లి తిరిగి రావాలి కాబట్టి) తల వెడల్పు, అంటే బీపీడీ. ఇప్పటి యంత్రాలన్నీ మెత్తని కణజాలంలో ధ్వని వేగాన్ని సెకనుకు 1540 మీటర్లుగా తీసుకుంటాయి. ఆ రోజుల్లో 1600గా పెట్టుకొని కొలిచినవారూ ఉన్నారు. అదే తల, అదే ప్రతిధ్వని, కానీ కొలత దాదాపు 4 శాతం ఎక్కువ. అందుకే తల వెడల్పును బట్టి వయసు చెప్పే ఏ పట్టిక ఏ వేగంతో తయారైందో చూడకుండా వాడితే తేదీ తప్పేది. 1968లో స్టూవర్ట్ క్యాంప్‌బెల్ ద్విమితీయ చిత్రంతో తల మధ్యగీతను ముందు గుర్తించి ఆ తర్వాత కొలిచే పద్ధతి చూపించాక, ఒకే తలకు ఇద్దరు కొలిస్తే రెండు అంకెలు రావడం తగ్గింది.

అసలు మలుపు 1973. గ్లాస్గోలోనే హ్యూ రాబిన్సన్, మొదటి మూడు నెలల పిండాన్ని తల పైభాగం నుంచి పిరుదుల దాకా కొలిచాడు. ఇదే సీఆర్‌ఎల్. ఆ దశలో ఆరోగ్యంగా ఉన్న పిండాలన్నీ దాదాపు ఒకే వేగంతో పెరుగుతాయి. తల్లి పోషణ, జాతి, బీపీ ప్రభావం పొడవు మీద ఇంకా పెద్దగా పడదు. 1975లో ఫ్లెమింగ్‌తో కలిసి దీన్ని మళ్లీ పరీక్షిస్తే, ఒకసారి కొలిస్తే 95 శాతం సందర్భాల్లో వయసు 4.7 రోజుల తేడాలోపు, మూడుసార్లు విడివిడిగా కొలిచి సగటు తీస్తే 2.7 రోజుల లోపు తేలింది. మూడుసార్లు కొలవమని నేటికీ చెప్పడానికి ఆధారం అదే. రద్దీ ఎక్కువున్న స్కాన్ గదిలో ముందు ఎగిరిపోయేదీ అదే.

పొడవు నుంచి వయసు లెక్కగట్టే రాబిన్సన్ సూత్రం ప్రకారం సీఆర్‌ఎల్ 60 మి.మీ. వస్తే 87 రోజులు, అంటే 12 వారాల 3 రోజులు. పొట్ట మీద ఆనించే ప్రోబ్ కొంచెం ఏటవాలుగా పడి 54 వస్తే సరిగ్గా 12 వారాలు. ఆరు మిల్లీమీటర్లకు మూడు రోజులు. కాబట్టి కొలిచే తీరు ముఖ్యం. పిండం నిలువు మధ్యకోతలో, తెర మీద అడ్డంగా పడుకుని, తెరలో మూడింట రెండు వంతులు నిండేంత పెద్దగా కనిపించాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య ఉమ్మనీరు నల్లగా కనబడాలి. ముడుచుకుని ఉంటే పొడవు తక్కువ వస్తుంది, మెడ వెనక్కి వాల్చితే ఎక్కువ వస్తుంది. యోక్ శాక్‌నో (పిండం పక్కనుండే చిన్న తిత్తి) కాళ్లనో కలుపుకొని కొలిస్తే మరీ ఎక్కువ. 84 మి.మీ. దాటాక సీఆర్‌ఎల్ వదిలేసి తల చుట్టుకొలతకు మారాలి. అప్పటికి పిండం వంగడం, చాపడం వల్ల వచ్చే తేడా పెద్దదవుతుంది.

మలి నెలల కొలతల చరిత్ర వేరు. ఇవాళ చాలా యంత్రాల్లో ముందే ఎక్కించి వచ్చే సూత్రం ఫ్రాంక్ హాడ్లాక్‌ది. 1984లో అమెరికాలోని హూస్టన్‌లో 361 మంది గర్భిణుల కొలతలతో తయారైంది: తల వెడల్పు, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కలిపి సగటు వయసు చెబుతుంది. పని చక్కగా చేస్తుంది, కానీ అది చెప్పేది బిడ్డ పరిమాణానికి తగిన వయసు. 30 వారాలు దాటాక పరిమాణమూ వయసూ ఒకటి కావు. హాడ్లాక్ బీపీడీని దగ్గరి వైపు పుర్రె బయటి అంచు నుంచి దూరపు వైపు లోపలి అంచు దాకా కొలిచారు. బయటి నుంచి బయటికి కొలిచి అదే పట్టికలో చూస్తే ఎముక మందం కూడా వయసులో కలుస్తుంది. బీపీడీ మధ్య నెలల్లో వారానికి దాదాపు 3 మి.మీ. పెరుగుతుంది కాబట్టి, 2 మి.మీ. తప్పు అంటే నాలుగైదు రోజులు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, ఉమ్మనీరు తగ్గినా తల సన్నగా సాగుతుంది, బీపీడీ తగ్గుతుంది. చుట్టుకొలతే నయం.

నెలసరి లెక్కకూ తొలి స్కాన్‌కూ ఎంత తేడా ఉంటే స్కాన్ తేదీకి మారాలో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం అంకెలు ఇచ్చింది. 8 వారాల 6 రోజుల దాకా 5 రోజులకు మించితే, ఆపై 15 వారాల 6 రోజుల దాకా 7కు, 21 వారాల 6 రోజుల దాకా 10కి, 27 వారాల 6 రోజుల దాకా 14కు, 28 దాటితే 21కి మించితే మార్చాలి. ఇక్కడ గమనించాల్సింది: ఒకసారి తొలి స్కాన్‌తో ఖరారు చేసిన తేదీని తర్వాతి స్కాన్‌తో మార్చకూడదు. మొదట చెప్పిన ఉదాహరణలో 34వ వారానికి 20 రోజులు వెనక్కి వచ్చింది. కొలతలో దొర్లే సహజ తేడా కావచ్చు, బిడ్డ ఎదుగుదల ఆగిపోతూ ఉండొచ్చు. తేదీని మే 30కి జరిపేస్తే ఆ రెండో అవకాశం కాగితం మీద నుంచే మాయమవుతుంది. నిజంగా మే 30 దాకా ఆగితే గర్భం 42 వారాల 6 రోజులకు చేరుతుంది. మాయ సరిగా పనిచేయని బిడ్డకు ఇది ప్రాణాల మీదకు తెచ్చే ఆలస్యం. చేయాల్సింది తేదీ మార్చడం కాదు, బొడ్డుతాడులో రక్తప్రసరణను డాప్లర్ స్కాన్‌తో చూసి, రెండు వారాల ఎడంతో ఎదుగుదల మళ్లీ కొలవడం.

యంత్రం మాత్రం ప్రతి రిపోర్టు కింద తన సగటు లెక్కతో కొత్త తేదీ అచ్చు వేస్తుంది. చాలా యంత్రాల్లో రోగి వివరాల దగ్గర చివరి నెలసరి బదులు ఖరారైన కాన్పు తేదీని ఎక్కించే వీలుంది. అది ఎక్కిస్తే రిపోర్టు బిడ్డను ఆ తేదీతోనే పోలుస్తుంది. ఇందుకు అదనపు పరికరం అక్కర్లేదు, పాత రిపోర్టు చేతిలో ఉంటే చాలు.

తేదీ ఎంత విలువైనదో రెండు పెద్ద పరిశోధనలు చూపించాయి. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టిరాయిడ్ ఇస్తారు. 2015లో లాన్సెట్‌లో వచ్చిన ఏసీటీ ట్రయల్, భారత్ సహా ఆరు దేశాల్లో, గర్భ వయసు కచ్చితంగా తెలియని చోట్ల కూడా ఆ వాడకాన్ని విస్తరించి చూసింది. 28 రోజుల్లోపు శిశు మరణాలు తగ్గలేదు సరికదా, వాడకాన్ని విస్తరించని చోట్ల వెయ్యి జననాలకు 23.9 ఉంటే, విస్తరించిన చోట్ల 27.4 నమోదయ్యాయి. ఇంజెక్షన్ తీసుకున్న తల్లుల్లో చాలామంది తక్కువ బరువు లేని బిడ్డలనే కన్నారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని యాక్షన్-1 ట్రయల్, మన దేశం సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో, వయసును స్కాన్‌తో నిర్ధారించుకుని 26 నుంచి 34 వారాల లోపు గర్భిణులకు డెక్సామెథాసోన్ అనే స్టిరాయిడ్ ఇచ్చింది. శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6కు తగ్గాయి. రెండు పరిశోధనల మధ్య తేడాలు ఇంకా ఉన్నాయి, కానీ వయసు తెలిసి ఇవ్వడం వాటిలో ప్రధానమైనది. 24 వారాల్లోపు ఒక స్కాన్ ప్రతి గర్భిణికీ జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది.

మరి ఆ స్కాన్ కొండమీదికి ఎందుకు వెళ్లదు? ఇందుకు చట్టపరమైన నేపథ్యం ఉంది. ఆడపిల్లల భ్రూణహత్యలను ఆపడానికి, కడుపులో బిడ్డ ఆడో మగో స్కాన్‌తో చెప్పడాన్ని నిషేధిస్తూ తెచ్చిన 1994 నాటి చట్టం 1996 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 ఉంటే 2001లో 927కు పడిపోవడంతో, సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత 2003లో చట్టం కట్టుదిట్టమైంది. ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఫారం-ఎఫ్ అనే వివరాల పత్రం, ప్రతి యంత్రానికీ రిజిస్ట్రేషన్. 2012 సవరణతో చేతిలో పట్టే యంత్రాన్ని రిజిస్టరైన ఆవరణలోనో, సంచార వైద్య వాహనంలోనో తప్ప వాడకూడదు. ఈ కట్టుబాటు అవసరమైనదే, సడలించమనడం సరికాదు. కానీ చింతపల్లి, జి.మాడుగుల గ్రామాల గర్భిణి వాహనమెక్కి స్కాన్ ఉన్న చోటుకు వచ్చేసరికి సీఆర్‌ఎల్ కాలం దాటిపోతోంది.

2024లో అమెరికా, జాంబియా పరిశోధకులు శిక్షణ లేనివారు పొట్ట మీద ప్రోబ్‌ను తిప్పితే కృత్రిమ మేధ వయసు చెప్పే పద్ధతిని పరీక్షించి, 14 నుంచి 27 వారాల మధ్య సగటు తేడా 3.2 రోజులని, నిపుణుల స్కాన్‌లో అది 3.0 అని చూపారు. మన చట్టం ప్రకారం ఏఎన్‌ఎం చేతికి అది ఇవ్వడం కుదరదు. అందాకా చేయగలిగినది ఉంది. ప్రతి నెలా 9న జరిగే సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలు నాలుగో నెల నుంచి ఉన్న గర్భిణుల కోసం ఉద్దేశించినవి, తేదీ ఖరారుకు అవి ఆలస్యం. నెల తప్పిన కబురు ఆశా కార్యకర్తకు అందగానే 11 నుంచి 13 వారాల మధ్య స్కాన్‌కు రోజు కేటాయించి వాహనం ఏర్పాటు చేయాలి. తల్లీబిడ్డల కార్డు మొదటి పేజీలో స్కాన్ చేసిన తేదీ, సీఆర్‌ఎల్ మిల్లీమీటర్లలో, ఆ రోజుకు వయసు, కాన్పు తేదీ, ఈ నాలుగూ పెన్నుతో రాయాలి. ఆ తర్వాత అనకాపల్లిలో తీసినా, కేజీహెచ్‌లో తీసినా యంత్రంలో ఎక్కించాల్సింది ఆ తేదీనే.