అర్ధరాత్రి మ్యాచ్, పొద్దుగాల ముచ్చట: ఫుట్‌బాల్ పిల్లలకు ఉత్తరం

దేవరకొండ

బిడ్డలారా,

మీలో ఒకరి ఫుట్‌బాల్ క్లబ్బు ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్, ఒకరిది స్పెయిన్‌లోని బార్సిలోనా, ఇంకొకరిది ఇంగ్లండ్‌లోనే ఉన్న మాంచెస్టర్ యునైటెడ్. ఊరు ఒకటే, బడి ఒకటే, ఫోన్లో గ్రూపు కూడా ఒకటే. అందులో గోల్స్ ముచ్చటతో పాటు హాలియా బస్సు ఎన్నింటికో, ఫిజిక్స్ రికార్డు ఎవరి దగ్గరుందో కూడా నడుస్తుంటుంది. అట్లా నడవడమే నాకిష్టం. అయితే ఈ గ్రూపుల్లో లొల్లి చాలావరకు సంగతి సగమే తెలిసి మాట్లాడటంవల్ల లేస్తుంది. ఆ మిగిలిన సగం రాసి పంపుతున్నాను.

ముందు టైము. చలికాలంలో మన గడియారం ఇంగ్లండ్ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మార్చి చివరి ఆదివారం వాళ్ళు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, అక్టోబర్ చివరి ఆదివారం మళ్ళీ వెనక్కి తెస్తారు. ఆ మధ్య నెలల్లో తేడా నాలుగున్నర గంటలే. అందుకే అక్కడ శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ ఆగస్టులో మనకు రాత్రి 7:30కి, డిసెంబర్‌లో 8:30కి మొదలవుతుంది. స్పెయిన్ గడియారం ఇంగ్లండ్ కంటే ఎప్పుడూ ఇంకో గంట ముందే. ఇక యూరప్ దేశాల పెద్ద క్లబ్బులన్నీ కలిసి ఆడే చాంపియన్స్ లీగ్ దగ్గర తారీఖే తప్పుతుంది. బార్సిలోనాలో బుధవారం రాత్రి 9 గంటలకు పెట్టిన మ్యాచ్, చలికాలంలో మనకు గురువారం తెల్లవారుజామున 1:30కి వస్తుంది. గ్రూపులో ‘బుధవారం 1:30’ అని రాస్తే ఒకడు ఒకరోజు ముందే లేచి కూర్చుంటాడు. ‘బుధవారం రాత్రి పడుకున్నాక, గురువారం 1:30’ అని పూర్తిగా రాయండి. ఆ మ్యాచ్ అయ్యేసరికి మూడున్నర కావస్తుంది. తెల్లారితే బడి ఉన్న రోజు దానికి లేవకండి, ముఖ్య ఘట్టాలు పొద్దుగాల పది నిమిషాల్లో చూడొచ్చు.

ఫోన్లో చూసేవాళ్ళు డేటా లెక్క కూడా చూసుకోండి. రెండు సగాలు, నడుమ 15 నిమిషాల విరామం, చివర కలిపే నిమిషాలు అన్నీ కలిస్తే దాదాపు రెండు గంటలు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు హెచ్‌డీలో అంతసేపు ఆగదు, రెండో సగంలో బొమ్మ ఆగిపోతుంది. మొదటినుంచే నాణ్యత తగ్గించి పెట్టుకోవాలి. అర్ధరాత్రి దాటాక మొదలయ్యే మ్యాచ్ మాత్రం కొత్త రోజు డేటాను తింటుంది, మరునాడు ఆన్‌లైన్ పాఠం ఉంటే అది గుర్తుంచుకోండి. ఇంకొక చిక్కుంది. కేబుల్ టీవీలో గోల్ కనిపించాక, అదే గోల్ ఫోన్లో కనిపించడానికి అర నిమిషం దాకా పట్టొచ్చు. టీవీ ఉన్న పిల్లవాడు ‘గోల్’ అని కొట్టగానే ఫోన్ పట్టుకున్నవాడి సంబురం పోతుంది. అందుకే మ్యాచ్ నడిచేటప్పుడు టీవీవాళ్ళు ఒక నిమిషం ఆగి రాయాలన్నది గ్రూపు నియమంగా పెట్టుకోండి. రాత్రి మ్యాచ్ అయితే పొద్దున ఎనిమిది దాకా స్కోరు రాయొద్దు.

ఇప్పుడు పాయింట్ల పట్టిక. ఐపీఎల్ చూసి పెరిగిన కళ్ళకు ఇదొక్కటి కొత్తగా ఉంటుంది: ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు ఒక్కొక్కటి 38 మ్యాచ్‌లు ఆడతాయి, ఫైనల్ ఉండదు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. అడుగున నిలిచిన మూడు క్లబ్బులు కింది లీగ్‌కు దిగిపోతాయి. పదిహేడో స్థానానికీ పద్దెనిమిదో స్థానానికీ మే నెలలో జరిగే కొట్లాట ఆ భయంతోనే. అట్లాంటి మ్యాచ్‌లు వదలకండి, పైన ఉన్నవాళ్ళ ఆటకంటే గట్టిగా ఉంటాయి. పాయింట్లు సమానమైతే కొట్టిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేసి తేడా చూస్తారు. 2011-12లో మాంచెస్టర్ సిటీ, యునైటెడ్ ఇద్దరికీ 89 పాయింట్లే. సిటీ తేడా 64, యునైటెడ్ తేడా 56, కప్పు సిటీకి పోయింది. 1989లో ఆర్సెనల్, లివర్‌పూల్ తేడా కూడా 37 దగ్గర సమానమైంది. అప్పుడు ఎక్కువ గోల్స్ కొట్టిన ఆర్సెనల్ గెలిచింది, 73కు 65. స్పెయిన్‌లో పద్ధతి వేరు. అక్కడ ముందు ఆ రెండు క్లబ్బులు ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్‌ల ఫలితం చూస్తారు. 2006-07లో రియల్ మాడ్రిడ్‌కూ బార్సిలోనాకూ 76 పాయింట్లే. గోల్ తేడా బార్సిలోనాదే చాలా పెద్దది, అయినా కప్పు మాడ్రిడ్‌దే. ఇంగ్లండ్ నియమాన్ని స్పెయిన్ మీద పెట్టి వాదించేవాళ్ళకు ఇదొక్క సంవత్సరం చూపిస్తే చాలు. పట్టికలో మొదట చూడాల్సింది పాయింట్లు కాదు, ఎన్ని మ్యాచ్‌లు ఆడారన్న గడి. 24 ఆడి 50 పాయింట్లున్న క్లబ్బు, 23 ఆడి 48 ఉన్న క్లబ్బుకంటే ముందున్నట్టు కనిపిస్తుందే గాని, ఆ మిగిలిన మ్యాచ్ గెలిస్తే రెండోది 51కి పోతుంది.

ఆఫ్‌సైడ్ గురించి గచ్చు మీద చింతగింజలు పెట్టి నేర్చుకోండి, బొమ్మ చూసి నేర్చుకోలేరు. గోల్ గీత ముందు ఒక గింజ గోలీ, అంటే గోల్ కాచేవాడు. దాని ముందు ఒక డిఫెండర్, అంటే దాడిని అడ్డుకునేవాడు. దాడి చేసేవాడి గింజ ఎదుటి జట్టు సగంలో ఉండి, బంతికంటే, వెనకనుంచి రెండో ప్రత్యర్థికంటే గోల్ గీతకు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్ స్థానం. సమానంగా ఉంటే కాదు. చేతులు లెక్కలోకి రావు. ఆ లెక్క తోటివాడు బంతిని తన్నిన క్షణానిది, వీడికి అందిన క్షణానిది కాదు. మీ తగాదాలన్నీ ఇక్కడే: బంతి అందేసరికి వీడు మూడు అడుగులు పరుగెత్తి ఉంటాడు, ఆ బొమ్మను ఆపి గ్రూపులో పెడతారు. ఇంకో పొరపాటు, గోలీ కార్నర్‌కోసం ముందుకు పోయినప్పుడు ‘వెనక ఒక డిఫెండర్ ఉన్నాడు కదా’ అనడం. గోలీ లేనప్పుడు వెనక ఇద్దరు ఉండాలి. త్రో, గోల్ కిక్, కార్నర్‌నుంచి నేరుగా బంతి వస్తే ఆఫ్‌సైడ్ లేదు.

ఆటగాళ్ళు క్లబ్బులు మారే వార్తలు అక్కడి ఎండాకాలం చివరిదాకా, మళ్ళీ జనవరిలో కుప్పలుగా వస్తాయి. క్లబ్బు తన సొంత ఖాతాలో ప్రకటించేదాకా అది పుకారే. ఖాతా పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న దొంగ ఖాతాలుంటాయి, పేరు అక్షరం అక్షరం చదవండి. జెర్సీ ఉచితం, బహుమతి డబ్బు అంటూ వచ్చే లింకులు ముట్టొద్దు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు, పిన్ అడిగారంటే అది మన డబ్బు పోయే దారి. పోతే వెంటనే ఇంట్లో చెప్పి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించండి, గంటలు గడిచేకొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది. స్కోరు మీద పందెం యాప్‌లు మన తెలంగాణలో నేరం, 2017లోనే గేమింగ్ చట్టం సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. మొదట చిన్న మొత్తం గెలిపించి నమ్మిస్తారు, తీసుకోబోతే ఇంకా కట్టమంటారు. గ్రూపులో ఎవరైనా ఆ లింకు పెడితే తీసేయండి, వాడితో విడిగా మాట్లాడండి.

క్లబ్బు దూరంగా ఉందని ఈ ఆట మీద మనకేం హక్కు లేదనుకోవద్దు. హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీ గెలిచింది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం నడిపిన దేశ జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి మన దేశపు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. పసుపు జెర్సీలు వేసుకున్నవాళ్ళకు ఆ దెబ్బ చిన్నది కాదు, వాళ్ళను ఆటపట్టించొద్దు. ఇట్లాంటిదే లండన్‌లో జరిగింది. 2002లో వింబుల్డన్ క్లబ్బును వేరే పట్టణానికి తరలించడానికి అనుమతి ఇస్తే, అభిమానులు కూడి ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఆటగాళ్ళను మైదానానికి పిలిచి ఎంపికలు చేసి, చాలా కింది లీగ్‌నుంచి మొదలుపెట్టి 2011లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. ముచ్చట్లాడుకునే మనుషులు ఒకరినొకరు ఎరిగి ఉండబట్టే ఆ పని సాగింది.

మీ గ్రూపులో ఇంటి సంగతులకు చోటివ్వమనేది అందుకే. మ్యాచ్ నడిచే రెండు గంటలు మ్యాచే మాట్లాడండి. మిగతా పొద్దంతా పత్తి ఏరడానికి కూలీలు దొరకలేదని, కరెంటు పోయిందని, నాయనకు జ్వరమని ఎవరన్నా రాస్తే ముందు దానికి జవాబు పెట్టండి, స్కోరు ఆగుతుంది. ఓడినవాడిని కాసేపు వదిలేయండి, అరగంట దాటితే వాడే నవ్వుతాడు. ఎదుటి క్లబ్బును ఎంతైనా అనండి గాని ఆటగాడి రంగు, ఎవరి కులం, మతం, ఇంటి ఆడవాళ్ళ పేరు ఎత్తొద్దు. నెత్తురు కావాలనే సందేశం వస్తే పంపేముందు ఐదు చూడండి: రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి, ఏ తారీఖు, రోగి దగ్గరున్నవాళ్ళ నంబరు. తారీఖు లేనిది సంవత్సరాలుగా తిరుగుతున్న పాతది కావొచ్చు. మీలో పెద్దవాళ్ళెవరితోనైనా ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేయించి నిజమని తేలాకే పంపండి. దాత దొరికాక ‘దొరికింది, ఇక పంపొద్దు’ అని అదే గ్రూపులో రాయండి.

ఇట్లు
మీ పెద్దబాపు