రొయ్యల వేపుడులో నీటి లెక్క

నూనెలోంచి తీసిన రొయ్య కరకరలాడే గడువు చాలా చిన్నది. పళ్లెంలోకి వచ్చిన కొద్ది నిమిషాలకే దాని పైపూత మెత్తబడడం మొదలవుతుంది. మీద కారపు సాస్ పోస్తే ఆ గడువు మరింత తగ్గిపోతుంది. అతిథుల కోసం ఈ వంటకం చేసేవారికి ఎదురయ్యే చిక్కులన్నీ దాదాపుగా నీటి చిక్కులే. రొయ్య లోపల నీరు నిలవాలి, పైపూతలో నీరు మిగలకూడదు, సాస్‌లోని నీరు నోటి దగ్గరికి వచ్చేదాకా పూతను తాకకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా రుచికి లోటు రాకపోవచ్చు గాని, కరకర మాత్రం దక్కదు.

ఇప్పుడు మన బజారులో దొరికే చెరువు రొయ్యల్లో ఎక్కువ భాగం వనామీయే. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానికి చెందిన ఈ జాతి సాగుకు మన దేశంలో 2009లో అనుమతి లభించింది. అంతకు ముందు గోదావరి, కృష్ణా డెల్టాల చెరువుల్లో టైగర్ రొయ్యదే పైచేయిగా ఉండేది, 1990లలో తెల్లమచ్చల వ్యాధి దాన్ని దెబ్బతీసింది. జాతి మారినా కండ స్వభావంలో పెద్ద తేడా లేదు: నాలుగింట మూడు వంతులకు పైగా నీరు, అయిదో వంతు దాకా ప్రోటీన్లు, అతి తక్కువ కొవ్వు. ఉప్పునీటి ఒత్తిడిని తట్టుకోవడానికి రొయ్య తన కణాల్లో గ్లైసిన్ వంటి అమైనో ఆమ్లాలను పోగుచేసుకుంటుంది. గ్లైసిన్ తియ్యని పదార్థం కాబట్టి, ఉప్పదనం ఎక్కువగా ఉన్న నీటిలో పెరిగిన రొయ్యకు తీపి ఎక్కువగా ఉంటుంది. ఉప్పదనం బాగా తగ్గిన చెరువుల రొయ్య కాస్త చప్పగా తోచడానికి ఇదొక కారణం.

రొయ్య తలలో జీర్ణగ్రంథి ఉంటుంది. ప్రాణం పోయిన తరువాత అందులోని ఎంజైములు బయటికి వచ్చి పక్కనున్న కండను కరిగించడం మొదలుపెడతాయి, అందుకే తలతో ఉన్న రొయ్యను ఎక్కువసేపు ఉంచితే మెడ దగ్గర ముందుగా మెత్తబడుతుంది. తెచ్చిన వెంటనే తల తీసివేయడం, ఐసు మీద ఉంచడం మంచిది. వీపు మీది నల్ల నరం పేగు మాత్రమే. దాన్ని తీయడం వల్ల ఇసుక పళ్లకు తగలకుండా ఉంటుంది, అంతకు మించిన రహస్యమేమీ అందులో లేదు.

రొయ్యలకు నిమ్మరసం, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి గంటల తరబడి నానబెట్టడం మన ఇళ్లలో అలవాటు. వేపుడు విషయంలో ఈ అలవాటును సవరించుకోవాలన్నది నా అభిప్రాయం. నిమ్మరసంలోని ఆమ్లం కండ పైపొరలోని ప్రోటీన్లను పొయ్యి మీదికి ఎక్కకముందే బిగుసుకుపోయేటట్టు చేస్తుంది. పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైము ఉంది. అది ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది కాబట్టి ఎక్కువసేపు ఉంచితే కండ పిండిలా తయారవుతుంది. వీటికి బదులు అరకిలో వలిచిన రొయ్యలకు అర చెంచా ఉప్పు, పావు చెంచా తినే సోడా పట్టించి పావుగంట నుంచి అరగంట వరకు ఫ్రిజ్‌లో ఉంచితే ఫలితం వేరుగా ఉంటుంది. సోడా వల్ల కండ కొద్దిగా క్షారగుణం పొందుతుంది, ప్రోటీన్ల మీద రుణావేశం (నెగటివ్ చార్జ్) పెరిగి అవి ఒకదానినొకటి నెట్టుకుంటాయి, వాటి మధ్య ఏర్పడిన చోటులో నీరు నిలుస్తుంది. కొరికినప్పుడు రొయ్య మెత్తగా నలిగిపోకుండా పుటుక్కున తెగడానికి ఇది తోడ్పడుతుంది. తరువాత రొయ్యలను గుడ్డతో గట్టిగా అద్ది తడి పూర్తిగా తీసివేయాలి. ఈ చిన్న పనిని వదిలేసినవారి పిండి బాణలిలో ఊడిపోయి నూనెలో తేలుతుంది.

వేడి తగిలినప్పుడు కండలో మార్పులు దశలవారీగా జరుగుతాయి. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర మయోసిన్ అనే ప్రోటీన్ గడ్డకట్టి కండ తెల్లబడి గట్టిపడుతుంది. వేడి 70 డిగ్రీల వైపు వెళ్లేకొద్దీ యాక్టిన్ కూడా ముడుచుకుని, పట్టి ఉంచిన నీటిని పిండివేస్తుంది. ఉడికిన రొయ్యకు, రబ్బరులా సాగే రొయ్యకు మధ్య ఉన్న ఎడం ఆ పది, ఇరవై డిగ్రీలే. పచ్చి రొయ్యలో అస్టాక్సాంథిన్ అనే ఎర్రని రంగు పదార్థం ఒక ప్రోటీన్‌తో పెనవేసుకుని ఉన్నందువల్ల బూడిద, నీలి రంగుల్లో కనిపిస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. కూరలో ఈ రంగు మనకు సూచన ఇస్తుంది గాని, పిండి కప్పిన రొయ్యలో అది కనబడదు. ఆకారమే చూడాలి: పొట్ట వైపు ఉన్న బలమైన కండరం ముడుచుకున్నకొద్దీ రొయ్య వంగుతుంది, కొడవలిలా వంగితే ఉడికినట్టు, తల భాగం తోకను తాకి సున్నా చుట్టిందంటే మితిమీరినట్టు. పొట్ట వైపు మూడు నాలుగు చిన్న గాట్లు పెడితే రొయ్య నిటారుగానే ఉంటుంది, అప్పుడు సాస్‌లో ముంచడం కూడా సులువు.

ఇక పూత. మైదాను నీటితో కలిపినప్పుడు గ్లూటెన్ అనే సాగే వల ఏర్పడుతుంది, అది నీటిని వదలదు, చల్లారగానే తోలులా సాగుతుంది. బియ్యప్పిండిలోను, కార్న్‌ఫ్లోర్‌లోను గ్లూటెన్ లేదు. ఈ రెండింటినీ సమంగా తీసుకుని, అంటుకోవడానికి మాత్రం కొద్దిగా మైదా చేర్చి, మంచులాంటి చల్లని నీటితో పలుచగా, ఉండలు పూర్తిగా విడిపోకముందే కలపడం ఆపివేస్తే గ్లూటెన్‌కు ఎదిగే అవకాశం దొరకదు. నీటికి బదులు చల్లని తాగే సోడా వాడితే వాయు బుడగలు పూతను గుల్లగా చేస్తాయి.

నూనె 175 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు రొయ్యను జారవిడిచిన క్షణంలోనే పూతలోని నీరు ఆవిరై చుయ్యిమంటుంది. నీరున్నంత వరకు ఆ చోటి వేడి 100 డిగ్రీలు దాటలేదు, వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పై పొర ఎండిన తరువాతే అక్కడి వేడి పైకి ఎగబాకి, దాదాపు 140 డిగ్రీలు దాటాక, ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో వివరించిన చర్య జోరందుకుంటుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి బంగారు రంగును, వేపుడు వాసనను పుట్టిస్తాయి. ఈ లోపల పూత కింద ఉన్న రొయ్య తన సొంత ఆవిరిలో ఉడుకుతూ ఉంటుంది. మధ్యరకం రొయ్యకు రెండు నిమిషాలు చాలు. బుడగలు పలుచబడి, చప్పుడు తగ్గిందంటే పూతలో నీరు దాదాపు అయిపోయినట్టు. చెవితో వినగలిగే ఈ గుర్తు గడియారం కంటే నమ్మదగినది. ఒకేసారి గుప్పెళ్లకొద్దీ వేస్తే నూనె చల్లబడి పూత ఎండేసరికి రొయ్య మితిమీరి ఉడుకుతుంది, లేదా రొయ్య ఉడికేసరికి పూత పచ్చిగా ఉంటుంది.

నూనె ఎక్కువగా పీల్చుకునేది వేగుతున్నప్పుడు కాదు. బాణలిలో ఉన్నంతసేపు ఆవిరి బయటికి తోసుకువస్తూ నూనెను లోపలికి రానివ్వదు. బయటికి తీశాక సూక్ష్మ రంధ్రాల్లోని ఆవిరి చల్లబడి నీరవుతుంది, అక్కడ ఒత్తిడి పడిపోయి, ఉపరితలాన్ని అంటుకున్న నూనె లోపలికి లాగబడుతుంది. కనుక చిల్లుల గరిటెతో తీసిన వెంటనే, ఇంకా వేడిగా ఉండగానే గట్టిగా విదిలించాలి. ఆ తరువాత కాగితం మీద గుట్టగా పోయకుండా, కింద గాలి ఆడేటట్టు తీగల స్టాండు మీద విడివిడిగా పరచాలి. మూత పెట్టడమంత అపచారం ఇంకొకటి లేదు.

కరకరకు మూలం పిండిపదార్థం గాజులాంటి స్థితిలో ఉండడం. నీరు కొద్ది శాతమే ఉన్నప్పుడు దాని అణువులు కదలలేక బిగిసి ఉంటాయి, కొరికితే పగులుతాయి. తేమ చేరినకొద్దీ అవి జారడం మొదలై పూత పగలకుండా వంగుతుంది. వానాకాలంలో అప్పడం మెత్తబడేదీ ఇందుకే. రొయ్య విషయంలో తేమ గాలి నుంచే కాక లోపలి నుంచి కూడా వస్తుంది. పగిలే చప్పుడు కూడా రుచిలో భాగమే: మాసిమిలియానో జాంపీని, చార్లెస్ స్పెన్స్ అనే పరిశోధకులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో, బంగాళాదుంప చిప్స్ కొరికే శబ్దాన్ని హెడ్‌ఫోన్ల ద్వారా పెంచి వినిపించినప్పుడు తిన్నవారు అవే చిప్స్‌ను మరింత తాజాగా, కరకరగా ఉన్నాయని భావించారు.

సాస్‌కు ఎండుమిరపకాయలు నానబెట్టి, వెల్లుల్లితో రుబ్బి, వెనిగర్, బెల్లం లేదా చక్కెర, ఉప్పు చేర్చి మరిగించి, చెంచాడు కార్న్‌ఫ్లోర్ నీటితో చిక్కబరచడం తేలికైన పద్ధతి. పలుచని సాస్ పూతలోకి వెంటనే ఇంకిపోతుంది. చక్కెర, పిండిపదార్థం నీటిని పట్టి ఉంచిన చిక్కని సాస్ పైపైనే నిలుస్తుంది. వెనిగర్‌కు మరో పని ఉంది: నీచు వాసనకు కారణమయ్యే అమీన్లు ఆమ్లంతో కలిస్తే ఆవిరి కాలేని లవణాలుగా మారి ముక్కుకు చేరవు. నిమ్మరసం పిండదలచుకుంటే కూడా ఇక్కడే పిండాలి. మిరపలోని క్యాప్సైసిన్ ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకున్న తెల్లని పొరలో. గుంటూరు మిరప వాడేవారు ఘాటు తగ్గించదలిస్తే తీయవలసింది ఆ పొరనే. క్యాప్సైసిన్ మన నరాల్లో 43 డిగ్రీలకు పైబడిన వేడిని గుర్తించే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించిన బృందానికి నాయకత్వం వహించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. వేడి, కారం ఒకే గ్రాహకాన్ని తాకుతాయి కాబట్టి వేడివేడి రొయ్యకు వేడి సాస్ జోడిస్తే మంట రెట్టిస్తుంది, చల్లార్చిన సాస్ అతిథులకు హాయి. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, అందువల్ల మంచినీళ్లు మంటను తీర్చలేవు. పాల ప్రోటీన్లు దాన్ని పట్టుకుపోతాయి గనుక పక్కన చిక్కని మజ్జిగ ఉంచడం ఉపయోగకరం.

పిలిచినవారిలో ఎవరికైనా రొయ్యలు పడవేమో ముందే అడిగి తెలుసుకోవాలి. ఈ అలర్జీకి ముఖ్య కారణమైన ట్రోపోమయోసిన్ వేడికి చెడని ప్రోటీన్. ఎంత వేయించినా దాని ప్రభావం పోదు, అదే నూనెలో వేయించిన కూరగాయ బజ్జీ కూడా అలాంటివారికి ప్రమాదమే.

హోటళ్లలో రెండుసార్లు వేయించే పద్ధతి ఉంది గాని, అది కోడిమాంసానికి నప్పినట్టు రొయ్యకు నప్పదు. రెండోసారి పూత ఎండేలోపు కండ రబ్బరవుతుంది. మిగిలినవాటిని మైక్రోవేవ్‌లో పెడితే లోపలి నీరు ఆవిరై పూతను నానబెడుతుంది. వేడి ఓవెన్ లేదా ఎయిర్ ఫ్రయర్ కొంత నయం. ఆలస్యంగా వచ్చేవారి కోసం ఉప్పు పట్టించి తుడిచిన రొయ్యలను ఫ్రిజ్‌లోను, పొడి పిండిని డబ్బాలోను వేరువేరుగా ఉంచుకుంటే, వారు చేతులు కడుక్కుని కూర్చునే సమయంలో పిండిలో చల్లని తాగే సోడా కలిపి ముంచి వేయించి ఇవ్వవచ్చు.