పోకెమాన్ కొత్త ఎవల్యూషన్లు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఉంటూ వీడియో గేములకు ప్రాణుల బొమ్మలు గీయడం నా పని. వేసవి సెలవుల్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. పోకెమాన్ గేముల్లో ఒక ప్రాణి ఇంకో ప్రాణిగా మారడాన్ని ఎవల్యూషన్ అంటారు. కొత్త పోకెమాన్ గేము రాబోతోందంటే చాలు, "అక్కా, ఈసారి దేనికి ఎవల్యూషన్ వస్తుంది?" అంటూ నోటుపుస్తకాల నిండా ఊహాచిత్రాలు గీసుకొస్తారు. ఆ ఊహలంటే నాకు ప్రాణం. అందుకే వాటికి పునాదిగా పెట్టుకునే కొన్ని నమ్మకాలను సరిచేయాలనిపించింది.

అపోహ: ఎవల్యూషన్ అంటే జీవపరిణామమే.

వాస్తవం: పరిణామం తరతరాలుగా జరుగుతుంది, ఒక్క ప్రాణి జీవితంలో కాదు. గేములో కనిపించేది రూపాంతరం. మన తీరంలో రొయ్యల హేచరీ చూసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. గుడ్డులోంచి వచ్చేది నాప్లియస్. తర్వాత జోయియా, మైసిస్, ఆ తర్వాతే చెరువులో వదిలే పిల్ల. నాప్లియస్‌ను చూసి ఇది రొయ్య అవుతుందని కొత్తవారెవరూ పోల్చుకోలేరు. కాబట్టి "ఈ ప్రాణి అలా మారడం శాస్త్రానికి విరుద్ధం" అన్న వాదన ఇక్కడ చెల్లదు. రెమోరెయిడ్ అనే చేప 1999లోనే ఆక్టిలరీ అనే ఆక్టోపస్‌గా మారింది.

అపోహ: టైప్‌ల లెక్క కుదిరితే ఎవల్యూషన్ ఖాయం.

వాస్తవం: టైప్ అంటే నీరు, నిప్పు లాంటి వర్గం. పలు రూపాల్లోకి మారగల ఈవీ అనే ప్రాణి కథ చూడండి. 1996లో దానికి నీరు, విద్యుత్తు, నిప్పు రూపాలు మూడు. 1999లో సైకిక్, డార్క్ వచ్చాయి. 2006లో పచ్చిక, మంచు. అంతకుముందు గేముల్లో ఒక దాడి ఫిజికలా (ఒంటి బలంతో చేసేదా), స్పెషలా (శక్తులతో చేసేదా) అన్నది దాని టైప్‌ను బట్టి తేలేది. స్పెషల్ టైప్‌లు ఎనిమిది. ఈవీ ఏడు రూపాలూ వాటిలోవే, మిగిలింది డ్రాగన్ ఒక్కటే, కాబట్టి తర్వాత వచ్చేది అదేనన్నారు! ఇంత ముచ్చటైన లెక్కను కనిపెట్టిన అభిమానుల చూపు నిజంగా గొప్పది. కానీ 2013లో వచ్చిన ఈవీ ఎనిమిదో రూపం సిల్వియన్ ఫెయిరీ టైప్, అంటే అప్పటిదాకా గేములోనే లేనిది. కొత్త టైప్‌ను పరిచయం చేయడానికి అందరికీ ఇష్టమైన ప్రాణిని ఎంచుకున్నారని నా అభిప్రాయం. 2016, 2019, 2022 ప్రధాన గేముల్లో ఈవీకి కొత్త ఎవల్యూషన్ ఏదీ రాలేదు.

ప్రతి గేములోనూ పాతవాటికి కొత్త రూపాలు వస్తాయనుకోవడం కూడా పొరపాటే. 2006లో చాలావాటికి వచ్చాయి. 2010లో 156 కొత్త ప్రాణులు వచ్చినా, ఒక్కటీ పాతవాటి కుటుంబంలో చేరలేదు.

అపోహ: బలహీనమైన ప్రాణి మారితే భారీగానే మారుతుంది.

వాస్తవం: డన్‌స్పార్స్ అనే బలహీనమైన ప్రాణి 1999లో వచ్చింది. జపాన్ జానపద కథల్లోని త్సుచినోకో అనే లావుపాటి పొట్టి పాము దానికి మూలం. ఇరవై మూడేళ్లపాటు అభిమానులు దాన్ని డ్రాగన్‌గా ఊహించుకున్నారు. 2022లో స్కార్లెట్, వయొలెట్ గేముల్లో వచ్చిన డుడన్‌స్పార్స్‌కు అదే మొహం, ఒంట్లో ఒక కణుపు ఎక్కువ. నూటికి ఒక్కసారి ఇంకో కణుపు కూడా. ఎంతోమంది నిరాశపడ్డారు. నేను మాత్రం ఆ బొమ్మను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆ అమాయకపు ప్రాణి స్వభావాన్ని ఎంత జాగ్రత్తగా కాపాడారు!

మా పిల్లలకు ఇందుకే ఒంగోలు దూడకు ఎవల్యూషన్ గీయమంటాను. రెక్కలు తగిలించకూడదు, కొమ్ములకు మంటలు పెట్టకూడదు. దూడలో ఉన్నదే పెరగాలి. మూపురం లేస్తుంది, గంగడోలు వేలాడుతుంది, మెడ బూడిద రంగుకు తిరుగుతుంది. కిందటేడాది ఒక పాప మూపురాన్ని కొండలా పెంచి దాని మీద చెట్టు గీసింది. అది డిజైన్ అంటే.

నాలుగో దశ గురించి అడిగేవారికి: ప్రధాన గేముల్లో ఏ కుటుంబమూ మూడు దశలు దాటలేదు. కొన్ని ప్రాణులు పోరాటంలో తెచ్చుకునే మెగా రూపం ఆ పోరాటం ముగిసేవరకే ఉంటుంది, దాన్ని దశగా లెక్కపెట్టకూడదు. పైకే కాదు, కిందికి కూడా ఊహించండి. పికాచుకు ముందు దశగా పిచు 1999లో వచ్చింది.

కొత్త రూపం వస్తే పాతది పనికిరాదని దిగులుపడే పిల్లలకు ఒక మాట. 2010 నుంచి గేములో ఈవియోలైట్ అనే రాయి ఉంది. ఇంకా మారే వీలున్న ప్రాణి దాన్ని పట్టుకుంటే రెండు రకాల రక్షణలూ ఒకటిన్నర రెట్లు అవుతాయి. 2022లో, అప్పటిదాకా చివరి దశగా ఉన్న బిషార్ప్‌కు కింగాంబిట్ రూపం వచ్చింది. దాంతో బిషార్ప్‌గానే ఉండిపోయినదానికీ ఆ రాయి పనిచేయడం మొదలైంది.