ఎడారిలో టైర్లకి గాలి ఎందుకు తీస్తారు?

షార్జాలో మ్లీహా దాటాక ఫాసిల్ రాక్ అనే కొండ వస్తుంది. చుట్టూ ఎర్రటి ఇసుక దిబ్బలు. జనవరిలో ఒక ఆదివారం మూడు బళ్ళలో స్నేహితులమందరం అక్కడికి వెళ్ళాం. తారు రోడ్డు అయిపోయిన చోట బళ్ళు ఆపి, ఎవరికి వాళ్ళు టైర్ల దగ్గర కూర్చుని గాలి తీయడం మొదలుపెట్టారు. గాలి ఒత్తిడిని 35 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) నుంచి 14కి దించాలి. ఒక్కో టైరుకి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

"ఇలా చేస్తే గ్రిప్ పెరుగుతుంది" అని మా స్నేహితుడు వాళ్ళ అమ్మాయికి చెబుతున్నాడు. ఆ అమ్మాయి పదకొండో తరగతి. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: "బాబాయ్, ఫ్రిక్షన్‌కి ఏరియాతో సంబంధం లేదని మా ఫిజిక్స్‌లో ఉంది కదా. మరి టైరు వెడల్పైతే గ్రిప్ ఎలా పెరుగుతుంది?"

ఇంత మంచి ప్రశ్న ఈ మధ్య నేను వినలేదు. ఎందుకంటే ఆ అమ్మాయి పుస్తకంలో ఉన్నది నిజం. ఎండు ఇసుకలో గాలి తీస్తే పట్టు దాదాపు పెరగదు. లాభం వేరే చోట ఉంది.

ముందు టైరు సంగతి చూద్దాం. బండి బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. మనుషులతో కలిపి 2400 కిలోల బండి అనుకుంటే ఒక్కో చక్రం మీద 600 కిలోలు. 35 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు రెండున్నర కిలోలు. 600 కిలోలు మోయాలంటే 240 చదరపు సెంటీమీటర్ల టైరు నేలకి ఆనాలి. అది ఏ4 కాగితంలో సగం కూడా కాదు. 14 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి ఒక కిలో. ఇప్పుడు 600 చదరపు సెంటీమీటర్లు ఆనాలి. అంటే దాదాపు పూర్తి ఏ4 కాగితం. టైరు పక్క గోడల బిగువు కొంత బరువు మోస్తుంది కాబట్టి నిజానికి కాస్త తగ్గుతుంది. ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. టైరు అడ్డంగా పెద్దగా వెడల్పు కాదు, ముందుకీ వెనక్కీ పొడుగ్గా సాగుతుంది.

ఇక ఇసుక సంగతి. నేల ఎంత బలంగా పట్టుకుంటుందనే దానికి ఇంజనీర్లు రెండు భాగాలు లెక్కేస్తారు. ఒకటి రేణువులు ఒకదానికొకటి అంటుకునే గుణం. దీన్ని టైరు ఆనిన వైశాల్యంతో గుణించాలి. రెండోది రేణువుల మధ్య ఘర్షణ. దీనికి చక్రం మీది బరువుని ఇసుక ఘర్షణ కోణం (ఎండు ఇసుక కుప్ప జారకుండా నిలిచే వాలు) టాంజెంట్‌తో గుణించాలి. ఇక్కడ వైశాల్యం ఊసే లేదు. వరి మడిలో బురద బాగా అంటుకుంటుంది కాబట్టి మొదటి భాగమే ముఖ్యం. అందుకే దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. ఎండు ఇసుకలో అంటుకునే గుణం సున్నా. మొదటి భాగం మొత్తం ఎగిరిపోతుంది. మిగిలింది బరువు, కోణం, అంతే. ఘర్షణ సూత్రాన్ని చెక్క దిమ్మ, బల్ల బొమ్మ గీసి బట్టీ పట్టిస్తారు గానీ, పిల్లల్ని ఒక్కసారి ఇసుకలోకి తీసుకెళ్తే ఎంత బాగుంటుంది!

మరి గాలి ఎందుకు తీయాలి? ఇసుకలో దిగబడిన చక్రం ముందు ఎప్పుడూ ఒక చిన్న గట్టు ఉంటుంది. చక్రం ఎంత లోతుకి దిగితే ఆ గట్టు అంత ఎత్తు. బండి ముందుకి కదులుతుంటే గట్టూ ముందుకి జరుగుతూనే ఉంటుంది. అంటే చదునైన ఇసుకలో కూడా బండి ఆగకుండా ఎత్తు ఎక్కుతూనే ఉందన్నమాట. గాలి తీస్తే ఒత్తిడి పంచుకుపోయి చక్రం తక్కువ దిగుతుంది, గట్టు చిన్నదవుతుంది. పట్టు అంతే ఉంది, దాన్ని తినేసే అడ్డంకి తగ్గింది. ఆ రోజు ఒక బండి గాలి తీయకముందే ఇసుకలోకి ఇరవై అడుగులు వెళ్ళి వెనక్కి వచ్చింది. దాని జాడ జానెడు లోతు. గాలి తీశాక అదే బండి జాడ నాలుగు వేళ్ళ లోతు. మన ఊళ్ళలో ఇనుప పట్టా చక్రాల బండి ఏటి ఇసుకలో కూరుకుపోయే చోట టైరు బండి సాగిపోయేది కూడా ఇందుకే.

ఇందాక చెప్పిన ఘర్షణ కోణమే దిబ్బ ఎక్కడాన్నీ శాసిస్తుంది. ఎండు ఇసుకని కుప్పగా పోస్తే సుమారు 34 డిగ్రీల వాలు దగ్గర నిలుస్తుంది. దిబ్బకి గాలి చాటున ఉండే జారుడు ముఖం వాలు సరిగ్గా అంతే. ఎంత గొప్ప ఇంజనున్నా చక్రాలతో ఆ వైపు నిలకడగా ఎక్కలేదు, ఎందుకంటే ఇసుక తనని తానే అంతకు మించి ఆపుకోలేదు. గాలి వీచే వైపు వాలు తక్కువ, ఇసుక కూడా గట్టిగా సర్దుకుని ఉంటుంది. అటునుంచి కాస్త ఊపుతో ఎక్కాలి.

మధ్యాహ్నం మా వాళ్ళలో ఒకరి బండి దిబ్బ మధ్యలో ఆగింది. టెన్షన్‌లో యాక్సిలరేటర్ తొక్కేశాడు. చక్రాలు గిర్రున తిరిగి కింది ఇసుకని వెనక్కి తోసేశాయి, బండి పొట్ట ఇసుక మీద కూర్చుంది. సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. బరువు పొట్ట మోస్తోంది కాబట్టి చక్రాల మీద తగ్గింది, దాంతో పట్టూ తగ్గింది. పొట్ట కింద, చక్రాల వెనక ఇసుక పారతో తవ్వి, గాలి 10కి దించి, బండిని తన జాడలోనే రివర్స్ చేశాం. వచ్చిన దారి అప్పటికే తొక్కుడు పడి గట్టిపడి ఉంది, అటు గట్టు లేదు.

ఈ గాలి తీసే పద్ధతిని 1920లు, 30లలో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో ఫోర్డు కార్లు తోలిన రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు బాగా వాడుకున్నాడు. పైన చెప్పిన లెక్కని బండ్లకి పూర్తి స్థాయిలో వర్తింపజేసిన ఎం.జి. బెక్కర్ అనే పోలిష్ ఇంజనీరు చంద్రుడి మీద తిరిగిన రోవర్ రూపకల్పనలోనూ పాలుపంచుకున్నాడు. 1971లో అపోలో 15తో వెళ్ళిన ఆ బండికి గాలి టైర్లు లేవు. ఉక్కు తీగలతో అల్లిన చక్రాలు బరువుకి నొక్కుకుని నేలకి పరుచుకునేవి.

ఇసుకకి అంటుకునే గుణం అసలే రాదా? కొంచెం నీళ్ళు తగిలితే వస్తుంది. రేణువుల మధ్య నీటి వంతెనలు ఏర్పడతాయి. పాదం మీద తడి ఇసుక అదిమి పిచ్చుక గూళ్ళు కట్టిన వాళ్ళందరికీ ఇది తెలుసు. ఎండు ఇసుకతో గూడు నిలవదు, మరీ నీళ్ళెక్కువైనా నిలవదు. ప్రాచీన ఈజిప్టులో జెహుతిహోతెప్ సమాధిలో ఒక చిత్రం ఉంది. పెద్ద విగ్రహాన్ని చక్రాల్లేని బల్ల (స్లెడ్జ్) మీద ఉంచి లాగుతుంటే ఒక మనిషి దాని ముందు ఇసుక మీద నీళ్ళు పోస్తుంటాడు. దాన్ని శుద్ధి కర్మగా, పూజలో భాగంగా చెబుతూ వచ్చారు. 2014లో ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చూస్తే, తగినంత తడి ఉన్నప్పుడు లాగాల్సిన బలం సగానికి తగ్గింది. అర్థం కాని ప్రతి పనినీ ఆచారం ఖాతాలో వేసేయడం పాతవాళ్ళకి అన్యాయం చేయడమే. ఆ బల్ల ముందు కూడా ఇసుక గట్టే లేచేది, తడి ఇసుక దాన్ని లేవనివ్వలేదు. పొద్దున్నే మంచు పడిన దిబ్బ మీద బండి తేలిగ్గా వెళ్ళడంలోనూ ఆ తడి చలవ ఉంది.

సాయంత్రం తారు రోడ్డు మీదకి వచ్చి కంప్రెసర్ తగిలించాం. తక్కువ గాలితో రోడ్డెక్కితే టైరు పక్క గోడలు పదే పదే వంగి వేడెక్కిపోతాయి. ఆ అమ్మాయి గాలి పట్టకముందే టైరు కిందకి ముందు నుంచీ వెనక నుంచీ ఒక్కో కాగితం ఆనేదాకా తోసి, మధ్య దూరం స్కేలుతో కొలిచింది. 26 సెంటీమీటర్లు. 35 పీఎస్ఐ నిండాక మళ్ళీ కొలిచింది. 13.