గుయ్‌మంటే యాంప్ పోయినట్టేనా? బేస్ యాంప్ శబ్దాల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో చిన్న గది అద్దెకు తీసుకుని యాంప్లిఫయర్లు, మిక్సర్లు, స్పీకర్ బాక్సులు బాగు చేస్తుంటాను. నా దగ్గరికి బేస్ గిటార్ యాంప్‌లు ఎక్కువగా వస్తాయి. చర్చిల్లో వాయించే కుర్రాళ్లవి, ఆర్కెస్ట్రా వాళ్లవి, కాలేజీ బ్యాండ్లవి. "అన్నా, యాంప్ పోయింది" అంటూనే గుమ్మంలోకి వస్తారు. బల్ల మీద పెట్టి చూస్తే చాలాసార్లు యాంప్‌లో ఏ లోపమూ ఉండదు. బేస్‌కి జబ్బు చేసినా, కేబుల్‌కి చేసినా, గోడలో వైరింగ్‌కి చేసినా మూలుగు వినబడేది స్పీకర్‌లోంచే కదా. అందుకని నింద యాంప్ మీద పడుతుంది. ఇన్నేళ్లుగా నేను వింటున్న అపోహల్లో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హమ్ (గుయ్‌మనే మూలుగు) వస్తుంటే ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తే చాలు

దీన్నే ముందు రాస్తున్నాను. మిగతావన్నీ శబ్దానికి సంబంధించినవి, ఇది ప్రాణానికి సంబంధించినది.

నిరుడు వానాకాలంలో ఒక కుర్రాడు నాబ్ ఊడిపోయిందని యాంప్ తెచ్చాడు. ప్లగ్గు చూస్తే పైన ఉండాల్సిన లావు పిన్ లేదు. హాక్సా బ్లేడుతో కోసిన చోట ఇత్తడి ఇంకా మెరుస్తోంది. "గుయ్‌మంటోందని మా సౌండ్ ఆయన కోసేశాడన్నా, అప్పట్నుంచి క్లీన్‌గా ఉంది" అన్నాడు. "పాడేటప్పుడు మైక్ తగిలితే పెదాలు జివ్వుమంటున్నాయా?" అని అడిగాను. కాసేపు ఆగి, "అప్పుడప్పుడు. నీకెలా తెలుసన్నా?" అన్నాడు.

బేస్ తీగలు బ్రిడ్జికి (అవి బిగించి ఉండే లోహపు పలకకి) కలిసి ఉంటాయి. బ్రిడ్జి నుంచి సన్నటి వైరు జాక్‌కి, అక్కణ్నుంచి కేబుల్ షీల్డ్ (లోపలి వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక) మీదుగా యాంప్ ఛాసిస్‌కి (లోహపు చట్రానికి), ఛాసిస్ నుంచి ఎర్త్ పిన్‌కి దారి ఉంటుంది. లోపల ఎక్కడో ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజ్ ఛాసిస్‌కి తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే కరెంటు అటే పోయి ఫ్యూజ్ ఎగిరిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆ వోల్టేజి మీ వేళ్ల కింద ఉన్న తీగల మీదే నిలబడి ఉంటుంది. మైక్ మాత్రం మిక్సర్ ద్వారా ఎర్త్ అయి ఉంటుంది. పెదవి మైక్‌కి తగిలిన క్షణంలో చేతి నుంచి ఛాతీ మీదుగా నోటికి దారి దొరుకుతుంది. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో, స్టోన్ ది క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ ఎర్తింగ్ సరిగా లేని మైక్ పట్టుకుని వేదిక మీదే షాక్‌తో చనిపోయాడు.

ఎర్త్ తీస్తే ఒక్కోసారి హమ్ పోతుంది, నిజమే. అందుకే ఈ అపోహ చావదు. ఆ హమ్‌కి కారణం గ్రౌండ్ లూప్. యాంప్ ఒక గోడ సాకెట్‌లో, మిక్సర్ హాలు అవతలి చివర ఇంకో సాకెట్‌లో ఉంటాయి. రెంటికీ ఎర్త్ ఉంటుంది. మధ్యలో లైన్ కేబుల్ వాటి గ్రౌండ్లను మళ్లీ కలుపుతుంది. అలా ఏర్పడిన పెద్ద చుట్టలో చిన్న కరెంటు తిరుగుతూ గుయ్‌మంటుంది. ముందుగా రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టి చూడండి. కుదరకపోతే యాంప్ వెనక డీఐ అవుట్ (మిక్సర్‌కి సిగ్నల్ పంపే జాక్) పక్కనున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. ఆ స్విచ్ లేని యాంప్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు కొనుక్కోండి.

ఇంకొకటి. పిన్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పాత ఫంక్షన్ హాళ్లలో, జనరేటర్ మీద నడిచే బయటి ప్రోగ్రాముల్లో సాకెట్‌కి మూడో కంత ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించి చూడమనండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దాకా, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించి ఉంటే కారణం కనుక్కోవాలి. పదుల వోల్టులు చూపిస్తే ఆ సాకెట్‌లో యాంప్ పెట్టకండి. తరచూ వాయించే చోట 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లయి ఆపేసే స్విచ్) ఉండి తీరాలి.

ఆ కుర్రాడి ప్లగ్గు మార్చాకే నాబ్ ముట్టుకున్నాను.

అపోహ: ఏ హమ్ అయినా ఒకటే, ఎర్తింగ్ సమస్యే

కాదు. బేస్ వాయించే వాళ్లకి ఈ తేడా పట్టుకోవడం చాలా తేలిక, చెవి అలవాటై ఉంటుంది కాబట్టి. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో అన్నిటికన్నా లావుగా ఉండే ఈ (E) తీగ మూడో ఫ్రెట్ మీద వచ్చే జీ (G) స్వరం 49 హెర్ట్జ్. యాంప్ మూలుగు ఆ స్వరానికి కొంచెం పైన, దాదాపు 35 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) షార్ప్‌గా వినిపిస్తే అది 50 హెర్ట్జ్ హమ్. బయటి నుంచి వస్తోందన్న అనుమానం ముందు పెట్టుకోవచ్చు: పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్ట) పట్టుకున్న ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు, షీల్డ్ తెగిన కేబుల్, గ్రౌండ్ లూప్.

అదే మూలుగు ఒక ఆక్టేవ్ పైన, అంటే ఫ్రెట్ నొక్కకుండా మీటిన జీ తీగకి కాస్త పైన పలికితే అది 100 హెర్ట్జ్. యాంప్‌లో ఏసీ కరెంటు డీసీ అయ్యేటప్పుడు అలలు రెట్టింపవుతాయి, సెకనుకు 50 కాస్తా 100 అవుతాయి. ఆ అలల్ని చదును చేసే పని లోపలున్న పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లది. ఏళ్ల తరబడి వేడికి అవి ఎండిపోతే అల స్పీకర్ దాకా వచ్చేస్తుంది. బేస్ తీసేసినా, వాల్యూమ్ సున్నాకి తిప్పినా ఆ మూలుగు తగ్గకపోతే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత యాంప్‌లకే ఇది బాగా వర్తిస్తుంది. ఇప్పటి తేలికపాటి క్లాస్-డీ హెడ్‌లలో (స్పీకర్ లేకుండా విడిగా వచ్చే యాంప్ పెట్టెల్లో) పవర్ సప్లయి పద్ధతి వేరు.

నా బల్ల దగ్గర ఒక పాత ఫ్రెట్‌లెస్ బేస్ ఇందుకే ఉంది. మూలుగు వినగానే దాని మీద ఆ స్వరం వెతుకుతాను. మీటర్ తీయకముందే సగం సంగతి తెలిసిపోతుంది.

అపోహ: తీగలు ముట్టుకుంటే శబ్దం తగ్గుతోంది, అంటే నా ఒంట్లోకి కరెంటు పోతోంది

ఈ భయంతో వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ముట్టుకుంటే బుయ్‌మనే శబ్దం తగ్గడం మంచి లక్షణమే. గదిలో ట్యూబ్‌లైట్లు, వైరింగ్ వెదజల్లే రొదని మన ఒళ్లు యాంటెన్నాలా పట్టుకుని పక్కనే ఉన్న పికప్‌లకి అందిస్తుంది. తీగ ముట్టుకోగానే ఒళ్లు కూడా గ్రౌండ్‌కి కలుస్తుంది కాబట్టి రొద తగ్గుతుంది. బ్రిడ్జి వైరు చక్కగా ఉందని దాని అర్థం. ముట్టుకుంటే శబ్దం పెరిగితేనే చూడాలి, ఎక్కువగా బ్రిడ్జి వైరు సోల్డర్ ఊడి ఉంటుంది. జివ్వుమంటే మాత్రం పైన చెప్పిన ఎర్త్ సంగతి, వెంటనే ఆపేయండి.

సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్‌ల స్వభావం కూడా తెలుసుకోండి. రెండు పికప్‌లుండే జాజ్ బేస్ అనే మోడల్‌లో ఎక్కువ వాటికి రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే ఒకదాని హమ్‌ని ఇంకొకటి కొట్టేస్తుంది. ఒకటి తగ్గిస్తే హమ్ తిరిగొస్తుంది. అది పాడవడం కాదు. బేస్ పట్టుకుని నిలబడ్డ చోటే మెల్లగా ఒక చుట్టు తిరగండి. ఒక దిక్కున హమ్ పెరిగి ఇంకో దిక్కున తగ్గితే దోషం గదిలోదే. స్టేజి లైట్ల డిమ్మర్, పాత చౌక ఇన్వర్టర్, ఛార్జర్‌లో ఉన్న ల్యాప్‌టాప్, జేబులో ఫోను: వీటిని ఒక్కొక్కటిగా ఆపి చూడండి.

అపోహ: గరగరమంటే ఏదో ఒక స్ప్రే కొడితే పోతుంది

నాబ్ తిప్పినప్పుడు గరగరమనే శబ్దం దుమ్ము వల్ల అయితే కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. తలుపు బందులకి కొట్టే జిడ్డు స్ప్రే కాదు, ఎలక్ట్రానిక్స్‌కి అమ్మేది. జిడ్డు రకం కొడితే వారం రోజులు బాగుండి, తర్వాత ఆ నూనెకి దుమ్మంతా అంటుకుని ముద్దవుతుంది. సరైన క్లీనర్ కొట్టి పాతికసార్లు తిప్పినా గరగర పోకపోతే కెపాసిటర్ లీకై నాబ్ మీదకి డీసీ వస్తూ ఉండొచ్చు. అప్పుడు ఎన్ని డబ్బాలు ఖాళీ చేసినా ఉపయోగం లేదు.

నాబ్ ముట్టుకోకుండానే చిటపటమంటూ, సౌండ్ వచ్చి పోతుంటే? మా ఊళ్లో సముద్రపు గాలికి నేను రోజూ చూసే జబ్బు ఇది. యాంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్ అని సెండ్, రిటర్న్ జాక్‌లు ఉంటాయి. మీరు వాటిని ఎన్నడూ వాడి ఉండరు. చాలా యాంప్‌లలో మీ సిగ్నల్ ఆ రిటర్న్ జాక్ లోపలున్న చిన్న రేకు మీదుగానే పోతుంది. ఆ రేకు చిలుమెక్కితే సౌండ్ సగానికి పడిపోతుంది, చిట్లుతుంది, ఒక్క గుద్దు గుద్దితే తిరిగొస్తుంది. పొట్టి కేబుల్ ఒకటి తీసుకుని సెండ్ నుంచి రిటర్న్‌కి గుచ్చండి. సౌండ్ నిలకడగా వస్తే జబ్బు దొరికినట్టే. రిటర్న్ జాక్‌లో క్లీనర్ కొట్టి, ప్లగ్గుని ఇరవైసార్లు గుచ్చి తీయండి. "పవర్ బోర్డు మార్చాలి" అని ఎక్కడో చెప్పించుకుని వచ్చిన యాంప్‌లు ఈ ఒక్క పనితో లేచి కూర్చోవడం నేను చూశాను.

అపోహ: బర్రుమంటే స్పీకర్ చిరిగినట్టే

ఒకాయన ఇంటికి వెళ్లాను. ఈ (E) తీగ అయిదో ఫ్రెట్ దగ్గర ఏ (A) స్వరం కొడితే చాలు, బర్రుమని లోహం అదురు. మిగతా స్వరాలు శుభ్రంగా ఉన్నాయి. కొత్త స్పీకర్ కొనడానికి డబ్బు కూడా సిద్ధం చేసుకున్నారు. ఆయన్ని ఆ స్వరమే పట్టి వాయిస్తూ ఉండమని నేను గదంతా తిరుగుతూ ఒక్కోదాని మీద అరచెయ్యి ఆనించాను. కిటికీ అద్దం, ఫ్యాన్ రెగ్యులేటర్ పలక, గోడ గడియారం. బీరువా పిడి పట్టుకోగానే అదురు ఆగిపోయింది. చెయ్యి తీస్తే మళ్లీ మొదలు. ఆ స్వరం 55 హెర్ట్జ్, బీరువా తలుపు అదిరే వేగం కూడా అదే అయివుంటుంది.

ఒకే స్వరానికి వచ్చే అదురు ఎక్కువగా లూజు వస్తువుదే. డ్రమ్స్ ఉన్న గదిలో స్నేర్ డ్రమ్ము కింద తీగలే ముందు ముద్దాయి. గది తేలిపోయాక బాక్సు సంగతి చూడండి: ముందు జాలీ, పిడి, మూలల రేకులు, స్పీకర్ మరలు. మరలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. బలంగా తిప్పితే చెక్కలో మర తిరిగిపోతుంది.

స్పీకర్‌ని పరీక్షించాలంటే యాంప్ ఆపేసి, రెండు బొటనవేళ్లు మధ్య మూతకి అటూ ఇటూ సమానంగా ఆనించి కోన్‌ని మెల్లగా లోపలికి నొక్కండి. చప్పుడు లేకుండా వెళ్లి రావాలి. ఇసుక రాసుకున్నట్టు కరకర వేళ్లకి తెలిసినా, చెవికి వినబడినా వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) రుద్దుకుంటోంది. అప్పుడు రీకోనింగ్ (కోన్, కాయిల్ కొత్తవి వేయించడం) తప్పదు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి మీటర్‌లో 6 దరిదాపుల్లో చూపిస్తే కంగారు పడకండి, అది మామూలే.

అపోహ: సన్నగా సుయ్‌మంటున్నా లోపమే

గెయిన్ పెంచితే ఏ యాంప్‌కైనా కొంత హిస్ ఉంటుంది. బాక్సులో ట్వీటర్ (సన్నటి శబ్దాల కోసం ఉండే చిన్న స్పీకర్) ఉంటే దాని నాబ్ తగ్గించండి. వాయిస్తుంటే వినపడకపోతే వదిలేయండి.

అపోహ: బ్యాటరీ అయిపోతే సౌండ్ ఆగిపోతుంది, శబ్దం రాదు

యాక్టివ్ బేస్‌లో (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న బేస్‌లో) 9 వోల్టుల బ్యాటరీ నీరసపడితే ముందు గట్టిగా కొట్టిన స్వరాలు చిరుగుతాయి, తర్వాత చిటపట, చివరికి నిశ్శబ్దం. స్పీకర్ చిరిగిందని తెచ్చినవాళ్లకి బ్యాటరీ మార్చి పంపిన రోజులున్నాయి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయ్యాక బేస్ నుంచి కేబుల్ లాగేయండి.

అపోహ: ప్లగ్గు పీకేశాను కదా, ఇక విప్పి చూసుకోవచ్చు

వద్దు. ముఖ్యంగా ట్యూబ్ యాంప్‌లు (గాజు వాల్వులతో పనిచేసేవి) వద్దు. ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. స్పీకర్ కలపకుండా ట్యూబ్ యాంప్ ఆన్ చేసి వాయించడం కూడా వద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

విప్పకుండా మీరు చేయగలిగింది చాలా ఉంది. యాంప్ వైపు కేబుల్ పీకండి. శబ్దం పోతే యాంప్‌ని వదిలి బేస్, కేబుల్, పెడల్స్ ఒక్కొక్కటిగా మార్చి చూడండి. పోకపోతే వాల్యూమ్ సున్నాకి తిప్పండి. ఇంకా ఉంటే ఇంకో ఇంట్లో, ఇంకో సాకెట్‌లో పెట్టి వినండి. వేరే స్పీకర్ బాక్సు దొరికితే దానికి కలిపి చూడండి, కలిపేది స్పీకర్ కేబుల్‌తోనే, గిటార్ కేబుల్‌తో కాదు. ఎక్కడ ఏం వినబడిందో ఫోన్‌లో రికార్డు చేయండి. రిపేరుకి తెచ్చేటప్పుడు యాంప్ ఒక్కటే తేకండి. మీ బేస్, కేబుల్, పెడల్, చివరికి మీరు రోజూ వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా సంచిలో వేసుకుని రండి.