బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆకలేస్తే: అపోహలు - వాస్తవాలు

ఆపరేషన్ అయిన తొమ్మిదో నెలలోనో పదో నెలలోనో చాలామంది నుంచి నాకు ఒకే రకం ఫోన్ వస్తుంది. పక్కవాళ్లకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి, "మేడమ్, నాకు మళ్లీ ఆకలేస్తోంది" అంటారు. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు ఉంటుంది ఆ గొంతు. "ఇంత డబ్బు పోసి చేయించుకున్నాను, అంతా పాడుచేసుకున్నానా?" అని ఏడ్చినవాళ్లూ ఉన్నారు.

బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు తిండి విషయంలో దారి చూపడం నా పని. ఆపరేషన్‌కు ముందు షుగర్, బీపీ, మత్తుమందు, ఖర్చు గురించి అందరూ అడుగుతారు. ఆకలి గురించి ఎవరూ అడగరు. అది ఇక ఉండదనుకుంటారు. ఆ నమ్మకం దగ్గరే మొదలుపెడతాను.

అపోహ: ఆపరేషన్ అయ్యాక ఆకలి శాశ్వతంగా పోతుంది

మొదటి కొన్ని నెలలు నిజంగానే అలా అనిపిస్తుంది. దానికి కారణం ఉంది. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఉండే సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన పై భాగంలోనే. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ హార్మోన్‌ను కనుక్కున్నారు. స్లీవ్ తర్వాత రక్తంలో దీని మోతాదు బాగా పడిపోతుంది.

బైపాస్‌లో దారి వేరు. (గుండె బైపాస్ కాదు, కడుపు బైపాస్. ఇంట్లో పెద్దవాళ్లు చాలాసార్లు ఇక్కడ కంగారు పడతారు.) ఇందులో 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచిని విడదీసి, దాన్ని చిన్నపేగు కింది భాగానికి కలుపుతారు. తిన్నది పేగు మొదటి భాగాన్ని దాటేసి త్వరగా కిందికి చేరుతుంది. దాంతో "ఇక చాలు" అని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి.

అయితే శరీరానికి మనం బరువు తగ్గాలనుకుంటున్నామని తెలియదు. ఒంట్లో కొవ్వు నిల్వ కరిగిపోతోందని మాత్రమే తెలుస్తుంది. కొవ్వు తగ్గేకొద్దీ దాన్నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ కూడా తగ్గుతుంది. మెదడు దాన్ని కరువుగా లెక్కేసి మళ్లీ తిండి అడుగుతుంది. చాలామందిలో ఇది ఆరు నెలలు దాటాక, ఏడాది ఏడాదిన్నర లోపు మొదలవుతుంది. ఆకలేసిందంటే ఆపరేషన్ ఫెయిలైందని కాదు, మీరు తప్పు చేశారనీ కాదు. ఈ ఒక్క మాట ఆపరేషన్‌కు ముందే అందరికీ గట్టిగా చెప్పి ఉంటే ఎంత టెన్షన్ తప్పేదో!

ఆకలి తెలియని ఆ మొదటి నెలలను ఊరికే పోనివ్వకండి. వేళకు తినడం, మెల్లగా నమలడం, చిన్న పళ్లెం వాడడం అప్పుడే చేతికి అలవాటు కావాలి. ఆకలి తిరిగొచ్చే రోజుకు ఆ అలవాట్లు కాపలా కాస్తాయి.

అపోహ: ఇప్పుడు ఎక్కువ పడుతోందంటే కడుపు సాగిపోయినట్టే

మొదటి నెలలో మూడు నాలుగు చెంచాలకే కడుపు నిండేది. ఏడాది తర్వాత చిన్న కప్పు నిండుగా తినగలుగుతున్నారు. అలా ఉండడమే సరి. ఆపరేషన్ వాపు తగ్గింది, కడుపు కొంత మెత్తబడింది. ఏడాది తర్వాత కూడా నాలుగు చెంచాలే పడుతుంటే నేను ఎక్కువ కంగారు పడతాను, ఎక్కడైనా దారి ఇరుకైందేమోనని.

నన్ను ఎవరైనా ఆకలి గురించి అడిగితే ముందు "ఏ టైముకి వేస్తోంది?" అని అడుగుతాను. మూడు రోజులు టైము రాసుకుని రమ్మంటాను. బ్యాంకులో పనిచేసే ఒకావిడ అలా రాసుకొచ్చారు. మూడు రోజులూ పొద్దున పదకొండు, సాయంత్రం నాలుగున్నర. పొద్దున ఆవిడ తింటున్నది రెండు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. ఆ రెండిడ్లీల్లో ఉండే ప్రొటీన్ నాలుగైదు గ్రాములు. ఒక ఇడ్లీ తీసేసి రెండు ఉడికించిన గుడ్లు చేర్చాం. పదకొండు గంటల ఆకలి వారంలో సర్దుకుంది. నాలుగున్నర ఆకలి మాత్రం పోలేదు. ఎందుకంటే అది కడుపులోంచి వచ్చింది కాదు. ఆ టైముకి ఆఫీసులో అందరూ టీకి లేస్తారు, ఒకరు మిక్స్చర్ పొట్లం విప్పుతారు.

కడుపు ఆకలికీ నోటి ఆకలికీ తేడా తెలుసుకోవడానికి నేను చెప్పే పరీక్ష చిన్నది. "ఇప్పుడు ఒక ఉడికించిన గుడ్డో, గిన్నెడు గట్టి పప్పో ఇస్తే తింటావా?" అని మిమ్మల్ని మీరే అడగండి. తింటాననిపిస్తే అది నిజమైన ఆకలి, తినండి. గుడ్డు వద్దు, జంతికలే కావాలంటే అది నోటి ఆకలి. దాన్ని తిట్టుకోవద్దు. అలసట, ఒంటరితనం, ఇంట్లో గొడవ, నిద్ర లేకపోవడం అన్నీ ఆ రూపంలో వస్తాయి. ఆపరేషన్ చేసింది కడుపుకే. ఏళ్ల తరబడి తిండితోనే ఓదార్పు పొందిన మనసు అలాగే ఉంది. దానికి వేరే తోడు కావాలి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమంటే చాలామంది "నాకేం పిచ్చా?" అంటారు. దయచేసి అలా అనుకోకండి.

ఆకలిలా అనిపించేవి ఇంకో రెండున్నాయి. ఒకటి దాహం. ఒకేసారి గ్లాసుడు నీళ్లు తాగలేరు కాబట్టి రోజంతా నీళ్లు తక్కువైపోతాయి. గుక్క గుక్కగా రోజుకి లీటరున్నరైనా లోపలికి వెళ్లాలి. రెండోది ఎసిడిటీ. స్లీవ్ తర్వాత ఇది చాలామందికి ఉంటుంది. ఛాతీ కింద మంట, నకనకమనే బాధ. తింటే కాసేపు తగ్గుతుంది కాబట్టి ఆకలే అనుకుని మళ్లీ మళ్లీ తింటారు. అలాంటప్పుడు తిండి పెంచకండి, డాక్టర్‌కి చెప్పండి.

అపోహ: ఎంత మానేస్తే అంత తగ్గుతాం

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే అపోహ. ఆకలి లేదు కదా అని పొద్దున మానేస్తారు, శనివారం ఉపవాసం ఉంటారు. బరువు చకచకా పడిపోతుంటే సంతోషిస్తారు. ఆ పడిపోయేదాంట్లో కండ కూడా ఉంటుంది. కండ తగ్గితే శరీరం ఖర్చుచేసే శక్తి తగ్గుతుంది, తర్వాత బరువు పెరగడం సులువవుతుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు ఊడడం బరువు వేగంగా తగ్గినందువల్ల కొంత సహజం, తిరిగి వస్తుంది. ప్రొటీన్, ఐరన్ చాలకపోతే మాత్రం ఆ ఊడడం ఆగదు.

రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. మన తిండిలో లెక్కేసి చూద్దాం. రెండు గుడ్లు 12 గ్రాములు. 200 మిల్లీలీటర్ల పాలు 6. 75 గ్రాముల చేపముక్క 15. వంద గ్రాముల పెరుగు 3. 50 గ్రాముల పనీర్ 9. రాత్రికి 60 గ్రాముల చికెన్ మరో 15. మొత్తం 60. ఇదంతా ఐదారు సార్లుగా, చిన్న చిన్న వంతులుగా వెళ్తుంది. శాకాహారులకు కష్టం ఎక్కువ. పప్పు ఒక్కదానితో ఈ లెక్క తేలదు, ఎందుకంటే 30 గ్రాముల పచ్చి పప్పులో ఉండేది ఏడు గ్రాములే, అది ఉడికాక గిన్నె నిండుతుంది. మీల్ మేకర్, పనీర్, గట్టి పెరుగు, అవసరమైతే ప్రొటీన్ పౌడర్ కలుపుకోవాల్సిందే.

మన భోజనంలో అన్నం కుప్పగా, కూర నంజుకోవడానికి కొంచెంగా ఉంటుంది. ఆపరేషన్ తర్వాత దీన్ని తలకిందులు చేయాలి. కూర తినాలి, అన్నం నంజుకోవాలి. ముందు గుడ్డు, చేప, పప్పు, పనీర్‌లో ఏదో ఒకటి. తర్వాత కూరగాయలు. చివర్లో చోటుంటే రెండు ముద్దల అన్నం. చోటు లేకపోతే అన్నం మిగిలిపోనివ్వండి.

అపోహ: మెత్తగా, పల్చగా ఉండేవే ఎప్పటికీ మంచివి

మొదటి వారాల్లో ద్రవాలు, ఆ తర్వాత మెత్తగా మెదిపినవి, తర్వాత మెత్తటి ముక్కలు, రెండో నెల దాటేసరికి మామూలు తిండి. దాదాపు ఈ వరుసలో డాక్టర్ ముందుకు తీసుకెళ్తారు. కొంతమంది భయంతో రాగిజావ, పెరుగన్నం దగ్గరే ఆగిపోతారు. ముద్ద ఒకసారి ఛాతీలో పట్టేసినట్టు అనిపించి ఉంటుంది, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ జావ కడుపులో నిలవదు. గంటకే మళ్లీ ఆకలి. టీలో ముంచిన ఉస్మానియా బిస్కెట్, ఐస్‌క్రీమ్, నోట్లో కరిగిపోయే కారప్పూస కూడా అంతే. ఎంత తిన్నా కడుపు నిండిన భావన రాదు. ఆపరేషన్ తర్వాత బరువు తిరిగి పెరిగినవాళ్ల డైరీల్లో నాకు పెద్ద భోజనాలు కనిపించవు. ఇవే కనిపిస్తాయి, రోజుకి ఐదారు సార్లు.

తింటూ నీళ్లు తాగడమూ ఇలాంటిదే. తిన్నది త్వరగా కిందికి జారిపోతుంది, లేదా చోటు లేక వాంతి అవుతుంది. తిన్నాక అరగంట ఆగి తాగండి. చారు పోసుకుని జారుగా కలిపిన అన్నం, మజ్జిగ పోసిన అన్నం కూడా నీళ్లతో తిన్నట్టే. ఈ మాట చెప్పినప్పుడు మనవాళ్ల మొహం చిన్నబోతుంది, నాకు తెలుసు. చారుని భోజనం తర్వాత ముప్పావుగంటకి గ్లాసులో వేడిగా తాగమంటాను. అలా అలవాటైనవాళ్లు చాలామందే ఉన్నారు.

పట్టేసినట్టు ఉండకూడదంటే బఠాణీ గింజంత ముక్క తీసుకుని, మెత్తని పేస్టయ్యేదాకా నమిలి, ఇరవై నిమిషాలైనా కూర్చుని తినాలి. చాలు అనే సంకేతం ఇప్పుడు పాతలా రాదు. ఎక్కిళ్లు, ముక్కు కారడం, ఛాతీ మధ్యలో ఒత్తిడి, చిన్న నిట్టూర్పు, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మీదేదో కనిపెట్టండి. అది రాగానే చేతిలో ముద్ద ఉన్నా కింద పెట్టేయండి.

అపోహ: స్వీట్ తింటే ఎలాగూ పడదు కాబట్టి ఆ భయం లేదు

తిన్న తీపి కడుపులోంచి ఒక్కసారిగా పేగులోకి జారిపోయి వచ్చే ఇబ్బందిని డంపింగ్ అంటారు. అది అందరికీ రాదు. బైపాస్ వాళ్లలో ఎక్కువ, స్లీవ్ వాళ్లలో తక్కువ. వచ్చేవాళ్లకు తీపి తిన్న అరగంటలోపే గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనం. రెండో రకం గురించి తక్కువమందికి తెలుసు. తీపి తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య షుగర్ బాగా పడిపోయి చేతులు వణుకుతాయి, విపరీతమైన ఆకలేస్తుంది. అది తగ్గాలని మళ్లీ తీపి తింటారు, రెండు గంటలకు మళ్లీ అదే. ఆ సమయంలో షుగర్ మరీ పడిపోతే కొంచెం గ్లూకోజ్ తీసుకోక తప్పదు, వెంటనే ప్రొటీన్ ఉన్నది ఏదైనా తినండి. తరచూ వస్తుంటే డాక్టర్‌ని కలవండి. కొబ్బరిబొండం, చెరకురసం, పళ్లరసం ఆరోగ్యమేగా అని ఖాళీ కడుపున తాగేవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తుంటాను.

అపోహ: వాంతులు మామూలే

కావు. ఎప్పుడో తొందరగా తిన్నందుకు ఒకసారి అయితే అది పాఠం. రెండు మూడు రోజులు ఏమీ నిలవకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. శరీరంలో బీ1 విటమిన్ నిల్వ కొన్ని వారాలకే సరిపోతుంది. అది అయిపోతే నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం, మతిమరుపు మొదలవుతాయి. ఆలస్యమైతే కొంత నష్టం మిగిలిపోతుంది. నీరసంగా ఉందని దగ్గర్లో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకునేవాళ్లున్నారు. బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ముదురుతుంది. ఏ ఊరి డాక్టర్ దగ్గరికి వెళ్లినా "నాకు బరువు ఆపరేషన్ అయింది" అని మొదటి మాటగా చెప్పండి.

అపోహ: మాత్రలు ఏడాది వేసుకుంటే చాలు

జీవితాంతం వేసుకోవాలి. మల్టీవిటమిన్, బీ12, విటమిన్ డి, కాల్షియం, ఐరన్ మోతాదులు రక్తపరీక్ష చూసి డాక్టర్ చెబుతారు. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోవద్దు, రెండు గంటలు తేడా ఉండాలి. టీతో ఐరన్ అసలు వద్దు.

అపోహ: ఇంట్లోవాళ్లు పెట్టింది వద్దంటే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది

ఒక పెద్దాయన తన కోడలి గురించి నా దగ్గరికొచ్చి, "అమ్మా, పిల్ల పిట్టంత తింటోంది, మా ఇంట్లో తిండి లేదనుకుంటారు ఊళ్లోవాళ్లు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కోడలి కడుపు సంచిలో పట్టే 30 మిల్లీలీటర్లంటే ఎంతో ఆయనకు తెలియాలని ఒక చిన్న గ్లాసులో అన్ని నీళ్లు పోసి చూపించాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఇంట్లో ఎవరైనా "ఇంకొంచెం పెట్టుకో" అంటే ఆయనే అడ్డుపడుతున్నారట. ఆపరేషన్‌కు ముందు డైటీషియన్ దగ్గరికి వచ్చేటప్పుడు ఇంట్లో వంట చేసేవాళ్లను, వడ్డించేవాళ్లను కూడా తీసుకురండి.

అపోహ: బరువు కొంచెం పెరిగింది, ఇక డాక్టర్ దగ్గరికి ఏ మొహంతో వెళ్లను?

1987లో స్వీడన్‌లో మొదలైన పెద్ద అధ్యయనం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను ఇరవై ఏళ్ల పాటు గమనించింది. రెండేళ్లకు సగటున 23 శాతం తగ్గిన బరువు, పదేళ్లకు 17 శాతం దగ్గర, ఇరవై ఏళ్లకు 18 శాతం దగ్గర నిలిచింది. అంటే తగ్గినదాంట్లో కొంత తిరిగి రావడం మామూలే, ఎక్కువ భాగం నిలవడమూ మామూలే. కొద్దిగా పెరగ్గానే సిగ్గుతో రావడం మానేసి, పాతిక కిలోలు పెరిగాక వచ్చేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. రెండు మూడు కిలోలప్పుడే వస్తే చేయగలిగేవి ఎన్నో ఉంటాయి. ఎండోస్కోపీతో లోపల ఎలా ఉందో చూస్తారు, థైరాయిడ్ పరీక్ష చేస్తారు, బరువు పెంచే మందులేవైనా వాడుతున్నారేమో చూస్తారు. అవసరమైతే ఆకలిని తగ్గించే ఇంజెక్షన్లు డాక్టర్ పర్యవేక్షణలో ఇస్తారు. అవి మీ అంతట మీరు మెడికల్ షాపులో కొనుక్కునేవి కావు.

వచ్చేటప్పుడు మూడు రోజుల తిండి, టైముతో సహా రాసి తీసుకురండి. అందులో ఒకటి ఆదివారం ఉండాలి. టీ, బిస్కెట్, పిల్లలు వదిలేస్తే మీరు తిన్న ముద్ద కూడా రాయండి. వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ కవర్లో పెట్టి తెచ్చుకోండి.