పర్మిట్ చూసిన చట్టం, మత్తును చూడలేదు

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్ పట్టణాల్లో బొగ్గు గనులనూ కాగితపు మిల్లునూ నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడి బార్లలో మత్తు ముదిరిన మనిషికి మరో పెగ్గు పోయాలా, వద్దా అన్న నిర్ణయం నేటికీ వెయిటర్ మీదే పడుతోంది.

దీని మూలం 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టంలో ఉంది. తాగడాన్నే నిషేధించి, పర్మిట్ ఉన్నవారికి మాత్రం మినహాయింపునిచ్చిన చట్టమది. బార్లకు ‘పర్మిట్ రూమ్’ అన్న పేరు అలా వచ్చిందే. పర్మిట్ ఉందా, వయసు నిండిందా అన్నవే అక్కడ ప్రధాన ప్రశ్నలయ్యాయి.

తర్వాతి చర్చంతా అమ్మాలా, వద్దా అన్నదాని చుట్టూనే తిరిగింది. గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధం ఉంది. సిరోంచ ఆ జిల్లాలోనిదే, ప్రాణహిత దాటితే మాత్రం తెలంగాణలో మద్యం చట్టబద్ధం. చంద్రపూర్‌లో మహిళల ఉద్యమం ఫలితంగా 2015 ఏప్రిల్ 1న నిషేధం వచ్చింది. తాగుడు వల్ల ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీల ఆవేదన నుంచి పుట్టిన ఆ డిమాండ్ పూర్తిగా న్యాయమైనది. అక్రమ మద్యం, నేరాలు పెరిగాయన్న కారణంతో 2021 మేలో ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసినప్పుడు, తిరిగి తెరుచుకునే బార్లలో మద్యం ఎలా వడ్డించాలన్నది కూడా అంతే గట్టిగా చర్చకు రావలసింది.

రోడ్డు విషయంలోనూ భారం తాగినవాడిదే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ డ్రైవరును శిక్షిస్తుంది. 2024 మేలో పుణెలో మైనర్ నడిపిన కారు ఇద్దరి ప్రాణాలు తీసిన కేసులో బార్ల నిర్వాహకులను అరెస్టు చేశారు. మద్యం అందుకున్నది మైనర్ కావడమే అందుకు ఆధారం. తూలుతున్న వయోజనుడికి పోసిన బారును ప్రమాద నష్టానికి బాధ్యురాలిని చేసే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు.

అందుకే బారు యజమాని మాట ఇంత ముఖ్యమవుతుంది. చల్లనీళ్లు, కాఫీ మత్తును దించవు, గంటలు గడవాల్సిందే. కాబట్టి వడ్డన ముందే నెమ్మదించాలి, తిండి పెట్టాలి, వెంట వచ్చినవారికి మెల్లగా చెప్పి, బండి తాళం అడిగి, ఆటో పిలవాలి. ఇదంతా చేయగలగాలంటే, పోయనన్నందుకు జీతం కోయనని, గొడవైతే తానే ముందు నిలబడతానని యజమాని వెయిటర్‌కు ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాలి.